స్నానం రోజు, లెక్కల పరీక్ష

మొన్న బిచ్కుందలో ఒక పరామర్శకు వెళ్ళి తిరిగొస్తూ బాన్సువాడ బస్టాండులో దిగానో లేదో, రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీలోంచి మా అన్నయ్య మనవరాలు నన్ను చూసి నవ్వింది. పదో తరగతి చదువుతున్న పిల్ల. పట్టులంగా కట్టించి, ఆ ఒక్క పిల్లనే మూడు భంగిమల్లో నిలబెట్టి, చుట్టూ నల్ల కళ్ళద్దాల బాబాయిల ఫోటోలు గుచ్చి, ఓణీల వేడుకకు అందరూ రావాలని బంగారు రంగు అక్షరాల్లో రాశారు. దాని కిందే నలుగురు మగవాళ్ళు టీ తాగుతూ తీరిగ్గా తలెత్తి చూస్తున్నారు. ఓణీ అని పేరు మార్చినంత మాత్రాన అదేమిటో ఎవరికి తెలియదు? ఆడపిల్ల ఒంట్లో వచ్చిన మార్పును బస్సు దిగిన ప్రతివాడికీ చాటుకోవడం, ఛీ, ఏం సంబరమండీ ఇది!

మాది గోదావరి వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం. మేముండే చోటును క్యాంపు అనేవారు, కాలువ దాటితే ఊరు, ఆ ఊళ్ళో నా స్నేహితురాలి ఇల్లు. నడిచి వెళ్ళేంత దూరమే అయినా రెండు ఇళ్ళలో ఈడొచ్చిన పిల్లలు పెరిగే తీరు మాత్రం వేరు. మా ఇంట్లో నాన్న వరండాలో ఉంటే నా నవ్వు వినపడకూడదు. అన్నయ్యలు తిని లేచాక, వాళ్ళు నమిలి పడేసిన మునక్కాడ పిప్పి చేత్తో ఎత్తి, ఆ చోటు తుడిచి, అక్కడే నా కంచం పెట్టుకోవాలి. ఆ రోత ఎంతగా పట్టుకుందంటే ఇప్పటికీ మునక్కాడ నమిలేవాళ్ళ పక్కన నాకు ముద్ద దిగదు. స్నేహితురాలి ఇంట్లో సాయంత్రమయ్యేసరికి తండ్రితో సహా అందరూ ఒక్కచోట కూర్చుని జొన్నరొట్టెలు తినేవాళ్ళు. చెరుకు తోటలో తనూ పనిచేస్తుంది కాబట్టి, రేపు ఏ మడికి నీళ్ళు కట్టాలో వాళ్ళ నాయిన ఆ పిల్లనే అడిగేవాడు. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. అక్కడంతా సవ్యమేనని కాదు, ఉయ్యాల్లో ఉండగానే ఆమెను మేనబావకని అనేసుకున్నారు, ఆ మాట మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

మా ఇద్దరి పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. ఎందుకో ఆ ఏడాది లెక్కల పరీక్ష వాయిదా పడి, అదొక్కటే చివర మిగిలింది. సరిగ్గా అప్పుడు నేను పెద్దమనిషినయ్యాను. మూల గదిలో చాప, విడిగా కంచం, పొద్దస్తమానం నువ్వుల చిమ్మిలి ఉండలు, పుస్తకం ముట్టుకుంటే మహాపాపం. స్నానానికి ముహూర్తం పెట్టించారు, అది కాస్తా లెక్కల పరీక్ష రోజే వచ్చింది. అంతకు ముందు ఏడాది నా స్నేహితురాలికి ఇదే జరిగితే, వాళ్ళమ్మ కుడుకా బెల్లం, అంటే ఎండుకొబ్బరీ బెల్లం తినిపించి, మేనమామ తెచ్చిన కొత్తబట్టలు కట్టి, నాలుగు రోజులకల్లా బడికి తోలింది.

సంగతి తెలిసి స్నేహితురాలి తల్లి మా గడపలోకి వచ్చింది.

“ఏందక్కా గిది? పిల్ల పరీచ్చ రాసొచ్చినంక తానం పోస్తే ఏమైతది? గా పండుగ యాడికన్న పోతదా?” అని మా అమ్మను నిలదీసింది.

“మీకు తెలీదమ్మా, మా వైపు అలా కుదరదు. చుట్టాలు అప్పుడే రైలెక్కేసుంటారు” అంది అమ్మ.

నాన్న వరండాలోంచే, అదీ నాతో కాదు, అమ్మతో, పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు గానీ చుట్టాలను మళ్ళీ పిలవలేమని తేల్చేశారు.

ఆ రోజు తలంటి, పూలజడ వేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చిన ఆడవాళ్ళు పసుపు రాస్తూ గుసగుసలాడుతుంటే, మామయ్య వరస మగవాళ్ళు గుమ్మంలో నిలబడి వేసిన వెకిలి హాస్యాలకు ఇల్లంతా నవ్వింది. ఒకావిడ మాత్రం నవ్వకుండా సంతలో పాడిగేదెను చూసినట్టు నన్ను కింద నుంచి మీదికి చూసింది, ఆవిడకు పెళ్ళికెదిగిన కొడుకున్నాడు. ఆ చూపు తలుచుకుంటే నేటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

భోజనాలు నడుస్తుండగా నా స్నేహితురాలు పరీక్ష హాలు నుంచి తిన్నగా వచ్చేసింది. వేళ్ళకు ఇంకా సిరా ఉంది. ఎవరో లడ్డూ ఇస్తే పుచ్చుకోకుండా నా కుర్చీ పక్కన కింద కూర్చుని, ప్రశ్నపత్రం మడిచి నా చేతిలో పెట్టింది. పట్టుచీర మడతల్లో దాచుకుని ఒక్కో ప్రశ్నే చదువుకున్నాను. అన్నీ నాకు వచ్చినవే. అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పిల్లకు సిగ్గు ముంచుకొచ్చిందని మా పెద్దత్తయ్య మురిసిపోయింది. మళ్ళీ రాసుకోవచ్చన్న పరీక్ష నేను మళ్ళీ రాయలేదు, ఎండాకాలం దాటకుండానే ఆ పాడిగేదె చూపు ఆవిడ ఇంటికి కోడలిగా వెళ్ళిపోయాను.

మొన్న ఫ్లెక్సీ చూసిన సాయంత్రమే అన్నయ్య ఇంటికి వెళ్ళి, మనవరాలిని పక్కకు పిలిచి, నీకిదంతా ఇష్టమేనా అని అడిగాను. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి దాని మాటంతా ఈ ఊరి మాటే.

“నన్నెవలు అడిగిన్రు అమ్మమ్మా? క్లాసోళ్ళందరు గా ఫోటో గ్రూపుల పెట్టి నవ్వుతున్నరు. వద్దని ఏడ్చిన. సండే పెట్టినం కదా, స్కూల్ మిస్ కావు, ఇంకేం ఫికర్ అన్నడు డాడీ” అంది తల దించుకుని.

చదువు పాడవకూడదన్న జ్ఞానమైతే మావాళ్ళకు వచ్చింది, సంతోషమే. నా చిన్నతనంలో ఆ మాత్రం కూడా లేదు కదా అని నన్ను నేను సముదాయించుకుందామని చూశాను గానీ మనసు ఒప్పలేదు. ఇన్నేళ్ళలో ఆడపిల్ల కోసం మావాళ్ళు నేర్చుకున్నదల్లా క్యాలెండరు చూడటం.