బర్ దుబాయ్ స్రవంతి

హైదరాబాద్ కాలేజీలో మొన్న గోడపత్రిక రాద్దామని నల్ల మార్కర్ మూత తీశానో లేదో, ఆ ఘాటు వాసనకు మళ్లీ పన్నెండేళ్ల పిల్లనైపోయి, బర్ దుబాయ్‌లోని మా ఇరుకు ఫ్లాట్‌లో చార్టు ముందు బోర్లా పడుకున్నాను.

అది 2020 లాక్‌డౌన్. కింద బట్టల దుకాణాలన్నీ మూతపడి, వంటింట్లోంచి అమ్మ వేసే సర్వపిండి వాసన, ఏసీ గొణుగుడు తప్ప మరేమీ లేని ఆ ఎండాకాలంలో, మమ్మల్ని చూడడానికొచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయిన పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఊరికే కూర్చోలేకపోయాడు. విలేకరిగా పల్లెలన్నీ తిరిగి, ప్రత్యేక రాష్ట్రం కోసం కవితలు రాసి జైలుకు కూడా వెళ్లొచ్చిన మనిషి మరి! జెబెల్ అలీలో కార్మికుల క్యాంపులో ఉండే మన తెలంగాణవాళ్లు ఫోన్లో పంపే ముచ్చట్లతో వారానికో చేతిరాత పత్రిక మొదలుపెట్టాడు. ఆయన చెబితే రాసేది నేను, ఫోటో తీసి వాళ్లకు పంపేదీ నేనే. ఆ గర్వానికి కాలు నేల మీద నిలిచేది కాదు.

ఆయన పట్టు ఒక్కటే, ప్రతి మనిషి పేరు ముందు ఊరు ఉండాలి. నాలుగోవారం చోటు చాలక, ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా నేను ఊళ్లన్నీ ఎగరగొట్టి పంపేశాను. పైగా పేజీ ఎంత ముచ్చటగా ఉందోనని మురిసిపోయాను.

సాయంత్రానికి వెల్డర్ రాజన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. “బిడ్డా, ఈడ మమ్ముల నంబరు వెట్టి పిలుస్తరు. పేపర్ల ఊరి పేరు జూసి ఇంటికాడ మా అవ్వ సంబురపడేది. గిప్పుడు అది సుత లేకపాయె. ఇగ ఖలాస్, నా ముచ్చట రాయకు.”

తర్వాత ఎవరి దగ్గర్నుంచీ ఒక్క కబురూ రాలేదు. పత్రిక ఆగిపోతుందని, అదీ నా వల్లేనని వెక్కివెక్కి ఏడ్చాను. పెద్దబాపు తిట్టలేదు. ఒక్కొక్కరికీ నాతోనే ఫోన్ చేయించి, తప్పు నాదేనని చెప్పించి, ఆ వారం పేజీ నిండా ఊళ్లూ పేర్లే రాయించాడు. గంగారం రాజన్న, కొత్తపల్లి లింగన్న, ఇలా పైనుంచి కిందికి చదువుతుంటే కవితలాగే ఉంది.

చివర కాస్త చోటు మిగిలింది. “నీ పేరు రాయి,” అన్నాడు. నేను సెలవుల్లో తప్ప చూడని తాత ఊరు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“అది నా ఊరు బిడ్డా. నువ్వు పెరిగింది ఏడ?”

బర్ దుబాయ్ స్రవంతి అని రాశాను. పేజీ పంపిన ఆ సాయంత్రమే ఫోన్లో రాజన్న నవ్వు వినిపించింది. “మీ ఊరు మాకు దగ్గర్నే బిడ్డా! రేపు ముచ్చట పంపుత, రాసుకో.”

విమానాలు మొదలయ్యాక పెద్దబాపు వెళ్లిపోయాడు, పత్రిక ఆగింది. క్యాంపులోని వాళ్లు తలో దిక్కుకూ పోయారు, ఆ ఫ్లాట్‌లో ఇప్పుడు వేరెవరో ఉంటున్నారు. తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది. మొన్న మాత్రం, గోడపత్రిక కింద పేరొక్కటి చాలని స్నేహితులు అంటున్నా వినకుండా, ముందు నా ఊరు రాశాను.