వేడి బోరు నీళ్ళకు నేను పెట్టిన సంతకం

ఆ బోరు కంపు తలచుకుంటే ఇప్పటికీ రోత. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. అంతకంటే రోత నా మీద నాకే.

అప్పట్లో గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఓ ఎండాకాలం పామర్రు దగ్గర్నుంచి ఒక రైతు లీటరు సీసా పట్టుకొచ్చాడు. కాలువకు నీళ్ళు రాక లోతుగా బోరు వేయిస్తే వేడి నీళ్ళు పడ్డాయట. ఊరంతా అమ్మవారి మహిమంటూ గొట్టానికి పసుపు రాసి, మోకాళ్ళ నొప్పులకని బిందెలతో మోసుకుపోతున్నారట. ఆయన భార్యా రోజూ రెండు గ్లాసులు తాగుతోందట.

"కాస్త కంపు కొడతాయండి. తాగొచ్చో లేదో, నారుమడికి పెట్టొచ్చో లేదో చెప్పండి చాలు," అన్నాడు.

అలాంటి నీళ్ళను బోరు దగ్గరికి మనమే వెళ్ళి పట్టుకోవాలి. మా పనిలో అది మొదటి పాఠం. కానీ ఆ ఎండలో పామర్రు బస్సెక్కేదెవరు? ఏసీ గదిలో కూర్చుని మూత తీశాను. కంపు లేదు. ఇదేమిటి అనిపించింది గానీ, పోనిద్దూ అనుకున్నాను. పరీక్షిస్తే అన్నీ హద్దుల్లోనే వచ్చాయి. తాగడానికీ సాగుకూ పనికొస్తాయని రాసి సంతకం గీకేశాను.

నెల తర్వాత నారు మాడిపోయిందని ఆయన ఫోన్ చేస్తే అప్పుడు కదిలాను. బోరు దగ్గర ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. మడి గట్టున తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆ నీళ్ళే జనం గటగటా తాగుతున్నారు, ఛీ.

"మీరిచ్చిన సీసాలో ఈ కంపు లేదేమండీ?" అని అడిగాను.

"ఎట్టా ఉంటదండీ? ఆఫీసుకి తెచ్చేవి, కంపు నీళ్ళు మీ ముందు పెడితే మర్యాదగా ఉంటదా? రాత్రంతా చల్లార్చి, గుడ్డలో వడగట్టి, సీసాలో మూడొంతులు తాగే క్యాను నీళ్ళు కలిపానండి."

తిట్టే హక్కు నాకెక్కడిది? తిలాపాపం తలా పిడికెడంటారు. ఇందులో గంపెడు నాదే.

నేనే సీసా నింపుకొని వెళ్ళి పరీక్షిస్తే ఉప్పూ ఫ్లోరైడూ హద్దులు దాటి ఎక్కడో ఉన్నాయి. మర్నాడే వెళ్ళి, ఇక తాగొద్దమ్మా అని ఆయన భార్యకు చెప్పాను.

"ఆయన సీసా తెచ్చిన వారమే కడుపు చెడిపోయి మానేశానండీ," అంది. "మీ కాయితం చూశాకే మళ్ళీ మొదలెట్టాను."