అట్ల హోటలుకి నేను మోసుకెళ్ళిన అట్లు

నేను పరికిణీ కట్టుకునే రోజులవి... నరసరావుపేట బస్టాండు వెనక ఒక టిఫిను హోటల్లో మా నాయన ఏడుకొండలు అట్లు పోసేవాడు. తెల్లారకముందే వెళ్ళి పెనం ముందు నిలబడితే, ఇంటికొచ్చేసరికి చొక్కా, జుట్టు, చేతులు అన్నీ అట్టు వాసనే. అందుకే ఇంట్లో అమ్మ ఎప్పుడు అట్టు పోసినా ముట్టేవాడు కాదు. పచ్చడి మెతుకులు పెట్టమనేవాడు.

ఆ హోటలు షావుకారు గారికి ఒక అలవాటు ఉండేది. పనివాళ్ళలో ఎవరి పండగ వస్తే, ఆ సాయంత్రం గిరాకీ తగ్గాక వాళ్ళింటి వంట హోటలుకి రావాలి. అందరూ కలిసి తినాలి. ఎవరేమనుకున్నా సరే, షావుకారు గారే ముందు చెయ్యి చాపేవారు. సాంబారు కాచే అరవాయన చక్కెర పొంగలి తెచ్చేవాడు. రంజానుకి టీ మాస్టరు మస్తాన్ బాబాయి ఇంటినుంచి సేమ్యా పాయసం వచ్చేది...

తెచ్చేది వాళ్ళమ్మాయి జరీనా. నా ఈడుదే. మెరుపుల గౌను, చేతినిండా గాజులు, కళ్ళకి సుర్మా... షావుకారు గారు సేమ్యా తాగి, దాని నెత్తిన చెయ్యేసి "బంగారు తల్లి" అనేవారు. నేను నాయన పక్కన, పెనం సెగలో నిలబడి చూసేదాన్ని. సేమ్యా తియ్యగానే ఉండేది. నేనే సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసేదాన్ని.

"మన పండగ ఎప్పుడు నాయనా?" అని అడిగాను.

"ఉగాది, దసరా అన్నీ మనయ్యేగా. ఇంకేంది నీకు?"

అందరివీ అయినవి నావెట్లా అవుతాయి? నాకంటూ ఒక పండగ కావాలి. నేను గిన్నె పట్టుకుని లోపలికి వెళ్తే అందరూ నన్నే చూడాలి. షావుకారు గారి చెయ్యి నా నెత్తిన పడాలి... అంతే.

ఆలోచించగా ఆలోచించగా అట్లతద్ది తట్టింది. గోరింటాకు, ఉయ్యాల, ఆడపిల్లల సందడి... జరీనాకి లేని పండగ! హోటలుకి అట్లు పట్టుకెళ్తానని అమ్మతో అన్నాను.

"ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? అట్లు పోసే హోటలుకి అట్లు మోసుకెళ్తావా? నవ్వి చస్తారే!"

ఏడ్చి, అన్నం మానేసి, పంతం నెగ్గించుకున్నాను. ఇక దిగులు మొదలైంది... పిండి మరీ పులుస్తుందేమో, వాన పడుతుందేమో, దారిలో గిన్నె జారుతుందేమో. దిగులు నాకు అప్పటినుంచే అలవాటు.

చంద్రుడు కనపడ్డాక అమ్మ పూజ ముగించి, వాయనం అట్లు పక్కన పెట్టి, మిగిలినవి బెల్లంతో సహా గిన్నెలో సర్దింది. హోటలు గుమ్మం దాకా వచ్చి దింపింది. నేను లోపలికి వెళ్ళి బల్ల మీద పెట్టి మూత తీశాను.

అందరూ గిన్నెలోకి తొంగి చూశారు. తర్వాత మస్తాన్ బాబాయి గొంతెత్తాడు.

"ఒరేయ్ ఏడుకొండలూ! నీ కూతురు మన హోటలుకి పోటీ పెట్టిందిరోయ్!"

హోటలంతా ఒకటే నవ్వు. "పొద్దుటినించీ అయ్యే చూస్తన్నాం తల్లీ... ఇంకేమన్నా తెచ్చావా?" అన్నాడు బల్లలు తుడిచే ఆయన. షావుకారు గారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. చెయ్యి మాత్రం చాపలేదు.

వాళ్ళ బాబాతో, అంటే మస్తాన్ బాబాయితో, ఇంటికి పోదామని వచ్చిన జరీనా అప్పుడు ముందుకొచ్చింది. ఒక అట్టు తీసి, బెల్లం అద్దుకుని కొరికింది. "ఇది మన హోటలు అట్టులా లేదు బాబా... చానా బాగుంది" అంది.

షావుకారు గారు దాని నెత్తిన చెయ్యేశారు. "చూశారా దీని మనసు! బంగారు తల్లి!"

అట్లు నావి. పండగ నాది. మెప్పు మళ్ళీ దానికే!

నాయన ఎప్పుడు పెనం దగ్గరనుంచి వచ్చాడో నేను చూడలేదు. తువ్వాలుకి చేతులు తుడుచుకుని, ఒక అట్టు తీసుకుని, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "ఉప్పు చాల్లేదు" అన్నాడు. అది తిని ఇంకోటి తీసుకున్నాడు. నా చూపు మాత్రం జరీనా నెత్తిన ఉన్న చెయ్యి మీదే...

ఇప్పుడు నా మనవరాలు పేటలోనే, లిఫ్టున్న పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తోంది. అక్కడ స్టాఫ్ పండగ చేస్తున్నారట. ఎవరి ఊరి కట్టుబొట్టుతో వాళ్ళు, ఎవరింటి వంటతో వాళ్ళు రావాలట. గదులు సర్దే ఒరిస్సా అమ్మాయికి, నేపాలు వాచ్‌మన్‌కి, అందరికీ ఫోటోలతో బ్యానరు కట్టారు. ఫోన్లో చూపిస్తే నాకు మళ్ళీ అదే కుళ్ళు... జీవితమంతా పెనం ముందు నిలబడ్డ మా నాయనకి ఒక్క ఫోటో అయినా లేదు.

జరీనా ఇప్పుడు మాచర్లలో ఉంటుంది. ఫోన్లో దానితో ఈ మాటే అన్నాను. అది ఊరుకుంటుందా?

"నీకేందమ్మా... మీ నాయన పెనం వదిలొచ్చి, కూర్చుని నీ అట్టు తిన్నాడు. మా బాబా ఏ రంజానుకన్నా నా సేమ్యా తాగాడా? మీరంతా తాగుతుంటే మీకు టీ కలుపుతా నిలబడ్డాడు. ఆ రోజు నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు."

ఎంత గుర్తుచేసుకున్నా, మస్తాన్ బాబాయి కూర్చున్నట్టు నాకు ఒక్కసారీ గుర్తుకు రావడం లేదు...

మనవరాలిని అడిగాను, ఆ స్టాఫ్ పండగ రోజు మీరెక్కడ కూర్చుంటారే అని.

"మేం వడ్డిస్తాం అమ్మమ్మా. గెస్టులు తింటారు, ఫోటోలు తీస్తారు. మాకు తర్వాత ప్యాకెట్లిస్తార్లే."

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అట్లు పోసి పంపుతాను. ఒకటి మాత్రం విడిగా అరిటాకులో చుట్టి, మనవరాలి సంచిలో పెడతాను. ఎవరేమన్నా సరే, అది కూర్చుని తినాలి. ఉప్పు ఈసారి సరిగ్గా వేస్తాను...

మీ ఇళ్ళలో కూడా హోటలు పని చేసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పండగ పూట వాళ్ళు కూర్చుని తిన్నారా? గుర్తుంటే చెప్పండి...