బస్టాపు బెంచీలో వాటాదారు

పగలు కాలేజీ, సాయంత్రం బేకరీలో అట్టపెట్టెలకు దారం కట్టే పని. ఆ అమ్మాయిని అక్కడ అందరూ సర్కారమ్మ అంటారు. మొదటి జీతంలో కొంత పన్ను కింద కోశారని తెలిసినప్పుడు మిగతావాళ్లలా ఆమె ఉసూరుమనలేదు. జీతం చీటీ రెండుసార్లు చదువుకుని, నడుం నిటారుగా పెట్టి ఇంటికి నడిచింది. అప్పటినుంచి వీధిలో ఆమెకు పట్టని వస్తువు లేదు. కారుతున్న కొళాయి కనిపిస్తే కట్టేస్తుంది. పట్టపగలు వీధిదీపం వెలుగుతుంటే ఫోన్ చేసి మరీ చెబుతుంది. బస్టాపు బెంచీ మీద ఎవరైనా చెప్పుకాళ్లు పెడితే, "కాళ్లు దించండి అన్నయ్యా, దాంట్లో నా డబ్బులు కూడా ఉన్నాయి" అంటుంది, నవ్వకుండా.

పరీక్ష ఫీజు గడువు దగ్గరపడి ముఖం వేలాడేసుకున్న రోజున, బేకరీ లెక్కలు చూసే బాబాయి ఆమె చీటీలన్నీ తెప్పించుకుని చూశాడు.

"పిచ్చిదానా, ఏడాదంతా కలిపినా నీ సంపాదన పన్ను కట్టేంత లేదే! మనవాళ్లు ముందుజాగ్రత్తకి నెలనెలా కోసి సర్కారుకి కట్టారంతే. రిటర్ను వేశావంటే పైసాతో సహా వెనక్కొస్తుంది."

"అంతా ఇచ్చేస్తారా బాబాయ్? కొంచెం కూడా ఉంచుకోరా?"

"ఎందుకు ఉంచుకుంటారే?"

ఆమె రిటర్ను వేసింది. డబ్బు గడువులోపే వచ్చింది, ఫీజు కట్టేసింది. ఆ సాయంత్రం బస్టాపులో బెంచీ మొత్తం ఖాళీగా ఉంది. సర్కారమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, బస్సు వచ్చేదాకా దాని పక్కనే నిలబడింది.