మావ చెవి, అప్ప పెదవులు

మొన్న మా అబ్బాయి కారులో పసుపు దీపమొకటి వెలిగి, ఎంతకీ ఆరనని మొండికేసింది. సాక్చి బజారుకని బయల్దేరిన నేను, వాడితోపాటు మెకానిక్ షెడ్డుకు పోయి అరిగిన కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. మెకానిక్ స్టీరింగు కింద ఏదో తీగ గుచ్చి, చేతిలోని పలకలాంటి యంత్రంలో చూసి, ఆ తర్వాత బానెట్ ఎత్తి మీటరు పెట్టి ఒక్కొక్క వైరూ పట్టి చూశాడు. ఇంజనులో నాక్, అదే లోపలి గుద్దుడు, వస్తే పసిగట్టే సెన్సారు ఒకటి ఉంటుందట, దాని వైరు ఎక్కడో లోపల తెగిందట. నాకు సరిగ్గా అర్థంకాక మళ్లీ అడిగితే, "మాజీ, ఇంజన్ ఠీక్ హై, ఉస్కా కాన్ ఖరాబ్ హై," అన్నాడు నవ్వుతూ. ఇంజనుకు చెవి పోయిందన్నమాట. మా అబ్బాయి కూడా నవ్వాడు కానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంజనుకు చెవి పోతే చెప్పడానికి ఒక దీపముంది. మా మావకు అదీ లేకపోయింది.

మావంటే మా అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్నగారి వెనకాలే జంషెడ్‌పూర్ వచ్చి, ఒక కాంట్రాక్టరు నడిపే చిన్న ఫోర్జింగ్ షెడ్డులో చేరాడు. ఎర్రగా కాలిన ఇనుమును పెద్ద సుత్తి యంత్రం కింద పెట్టి అచ్చుకు కొట్టించే పని. ఆ మోతలో పక్కవాడితో మాట్లాడాలన్నా చేతులు ఊపుకోవలసిందే. మేం అదే ఊళ్లో బాగ్‌బేరాలో ఉండేవాళ్లం. నాన్నగారికి ఒక పాత కారు ఉండేది, దాన్ని స్టేషను దగ్గర టాక్సీగా తిప్పేవారు. ఆ కారే మాకు కూడూ గుడ్డా, కనుక ఆదివారం పూట మావ వచ్చి దాన్ని చూడడమంటే మా ఇంట్లో డాక్టరు వచ్చినంత హడావిడి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. టిక్కుటిక్కుమంటే వాల్వు, లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నట్టుంటే బేరింగు. ఈ గుద్దుడినే టాక్సీ స్టాండులో అందరూ నాక్ అనేవారు. ఇంగ్లీషో హిందీయో మాకు తెలియదు. మా అమ్మకైతే అది ఎప్పుడూ 'నాకు' అనే వినపడేది, నీకేటి, నాకేటి అని మావనీ నాన్నగారినీ ఆట పట్టించేది.

మావను మా అప్పకు, అంటే మా అక్కకు, ఇవ్వాలని అప్ప పుట్టినప్పుడే అనుకున్నారు. అలా అనుకున్న సంబంధాలు చాలా ఇళ్లలో మొహమాటానికి జరుగుతాయి గానీ, ఇక్కడ వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ముహూర్తం చూడటమే తరువాయి అనుకుంటున్న రోజుల్లో, మావ చెవులు పోతున్నాయని మొదట కనిపెట్టింది అప్పే. వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు, ఎదురుగా నిలబడితేనే పలుకుతున్నాడు. పెద్దవాళ్లకు తెలిస్తే పెళ్లి ఏమవుతుందోనన్న భయంతో ఇద్దరూ దాచారు. ఎవరేమడిగినా మావ ముందు అప్ప మొహం చూసేవాడు, ఆమె చప్పుడు లేకుండా పెదవులు కదిపేది, అతను జవాబు చెప్పేవాడు. నీకు ఇంజను పని నేర్పుతానని చెప్పి, స్క్రూడ్రైవరు ఆమె చెవికే పెట్టించేవాడు. ఆమె విని, పెదవులతోనే, "నాకు ఇనపడతంది, బాగుంది," అనేది. నా చెవులున్నాయిలే, నువ్వు దిగులు పడకు అని ఆ మాటకు అర్థం. అమ్మ మాత్రం ఆడపిల్లకు ఈ నూనె మరకలేమిటని గొణిగేది. ఇదంతా అప్ప నాతో తర్వాతెప్పుడో చెప్పింది, అప్పట్లో అదేదో సరసమనుకుని నేను మూతి తిప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం నాన్నగారికి రాంచీ బేరం తగిలింది, దారిలో కొండమీద ఘాటురోడ్డు ఎక్కాలి. ఇంజనులో ఏదో తేడాగా ఉంది, బండి తియ్యొచ్చా లేదా చెప్పమని మావను అడిగారు. మావ మామూలుగానే కాసేపు విన్నట్టు నటించి, అప్పను పిలిచాడు. అప్ప విన్నది. ఈసారి గుద్దుడు స్పష్టంగా ఉంది. తలెత్తి మావ వైపు చూసి పెదవులు కదిపింది: నాక్ ఇనపడతంది. మన నోట్లో నాక్ అన్నా నాకు అన్నా కలిపి పలికితే ఒక్కటే. పెదవులు చూసేవాడికి ఇక తేడా ఏం తెలుస్తుంది? అతనికి రోజూ వినే మాటే అది. మిగతా సగం, ఆ 'బాగుంది' కోసం ఆగకుండా నాన్నగారి వైపు తిరిగి, "బాగున్నాది బావా, ఎల్లిరా," అన్నాడు. అప్ప వెనకనుంచి మావా అని పిలిచింది. వెనకనుంచి పిలిస్తే అతనికి వినపడదు కదా. అమ్మ అప్పను లోపలికి రమ్మని కేకేసింది. మావ తెలిసే చెప్పాడు, అంత ప్రమాదం కాదు కాబోలు అనుకుని అప్ప వెళ్లిపోయింది.

ఘాటు మధ్యలో బేరింగు పోయి, రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికొచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడు చేసిన మేలు. నాన్నగారు లారీ ఎక్కి ఇంటికొచ్చారు. కారు ఇక మా ఇంటికి రాలేదు, ఆ తర్వాత ఆయన బతికినంతకాలం పరాయివాళ్ల బండే తోలారు.

సంగతి తెలిసి మావ వచ్చాడు. ఎవరూ ఏమీ అడక్కముందే, తన చెవులు పోయాయని తనే చెప్పేశాడు. నాన్నగారు, "సెవి పోతే పోయింది, మనిసి ఉన్నాడు కదేటి," అన్నారు. కూడు పెట్టే బండి పోగొట్టుకున్న మనిషి అన్న మాట అది, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. అమ్మ కూడా ముహూర్తం పెట్టించేద్దామంది. ఒప్పుకోనిది మావే.

"రేపొద్దున్న పిల్ల ఏడిత్తే నాకు ఇనపడదు బావా."

అప్ప అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉంది. సిగ్గూ బిడియం వదిలేసి అందరిముందూ వచ్చి అతనికి ఎదురుగా నిలబడి, పైకే అంది: "నాకు ఇనపడతంది గదా మావా." ఆ మొదటి మాట దగ్గరే అతను మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. కళ్లు తిప్పుకుంటే ఆమె చెప్పేది ఇక అతనికి చేరదు. అప్ప అటు తిరిగింది, అతను ఇటు తిరిగాడు. అలా చెవిటివాడైన మనిషిని కాళ్లావేళ్లా పడి బతిమాలడానికి కూడా దారి లేకపోయింది.

అప్పను విజయనగరం సంబంధానికిచ్చారు. బావగారు మంచివారే, అప్పను బాగానే చూసుకున్నారు. మావ ఊరి శివార్లలో గోవింద్‌పూర్‌లో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండిపోయాడు. అప్ప పుట్టింటికి వస్తే, ఆమె ఊళ్లో ఉన్నన్నాళ్లు మా ఇంటి గడప తొక్కేవాడు కాదు.

అప్ప కాలం చేసిన మరుసటేడు మావను బలవంతాన తీసుకెళ్లి చెవి మిషను పెట్టించాను. చిక్కుడు గింజంత కూడా లేదు. ఈ కాలంలో అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంటోంది, మా మనవలైతే నేను తెలుగులో ఏమడిగినా మొదట చెవుల్లోవి తీసి, తర్వాత హిందీలో జవాబు చెబుతారు. అప్పుడే ఇంత సులువైపోయి ఉంటే ఏమయ్యేదోనని ఆలోచించడం నేను మానుకున్నాను. మిషను పెట్టగానే వినపడుతోందా మావా అని అడిగాను. ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, మీ అప్ప గొంతు ఇలాగే ఉండీదా, నేను మర్సిపోనాను అన్నాడు.

అప్ప గొంతు బొంగురు. నాది సన్నటి పీక. ఇప్పుడు పసిపిల్లల గొంతులు కూడా ఫోన్లలో దాచుకుంటున్నారు గానీ, అప్ప గొంతు ఎక్కడా లేదు. అవును మావా, ఇలాగే ఉండేది అన్నాను. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ, ఆయన దగ్గర గొంతు కాస్త తగ్గించి, బొంగురు చేసుకుని మాట్లాడేదాన్ని.