టేపులో అత్తమ్మ గొంతు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. నమ్మేదాన్నయితే ఫిలింనగర్‌లో నా పని నడిచేది కాదు. దయ్యం సినిమాలకు గొంతు అరువిచ్చి బతికినదాన్ని. దయ్యం కేకకు ఎంత ఊపిరి పట్టాలో తెలిసిన మనిషిని దయ్యం ఏం భయపెడుతుంది? పైగా మేం క్రైస్తవులం. ప్రభువు పేరు చెబితే అవి పారిపోవాల్సిందేనని సండే స్కూల్లోనే నేర్పారు. ఈ సంగతి చెబుతున్నది అలాంటి మనిషని ముందే తెలుసుకోండి.

అది కార్గిల్ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఆయన యాకోబు సైన్యంలో లారీ డ్రైవరు. కొండల మీదికి సరుకు చేరవేసేవాడు. నేనూ మా అత్తమ్మా ఫిలింనగర్ బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. అత్తమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో వంట చేసేది. నాది గ్రూప్ డబ్బింగ్. సినిమాలో గుంపు అరిచినా, పెళ్ళిలో ఆడవాళ్ళు నవ్వినా, శవం దగ్గర ఏడ్చినా ఆ గొంతులు మాలాంటివాళ్ళవే.

అత్త చెడ్డదైతే బస్తీ అంతా కోడలి పక్షమే. మా అత్తమ్మ మంచిది. అదే నాకొచ్చిన చిక్కు.

టీవీలో జెండా కప్పిన పెట్టెలు చూపించేవాళ్ళు. నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు. ఆమె మాత్రం మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, చాప మీద ఒరిగి హాయిగా గురకపెట్టేది. ఆ గురక వింటూ కుళ్ళుకునేదాన్ని. నేనూ ప్రార్థన చేసేదాన్ని. కానీ నా ప్రార్థన మధ్యలో టీవీ వార్తలొచ్చి కూర్చునేవి.

మాలో వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుడికని ఒక పిడికెడు పక్క కుండలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్తాం. యుద్ధం మొదలయ్యాక ఆ పిడికెడు అత్తమ్మ నన్ను వెయ్యనిచ్చేది కాదు. "నీ చెయ్యి చిన్నది బిడ్డా, నేనేస్త" అనేది నవ్వుతూ. నా మొగుడి కోసం దేవుడికిచ్చే దానిక్కూడా ఆమె చెయ్యే కొలతా అని నాకు ఒళ్ళు మండేది. ఎప్పుడన్నా కిరాణా కొట్టుకు ఆయన ఫోన్ చేసినా అంతే. "స్తోత్రం బిడ్డా" అని ఆమె మొదలుపెడితే, నా చేతికి వచ్చేసరికి లైన్ కట్టయ్యేది.

ఒక శుక్రవారం నాకు పని వచ్చింది. యుద్ధం మీద తీసిన పరభాషా సినిమాకి తెలుగు డబ్బింగ్. సైనికుడి శవం ఊరికొస్తుంది, ఆడవాళ్ళం గుండెలు బాదుకోవాలి.

"ఆడు గాడ యుద్ధంల ఉండంగ నువ్వు గీ ఏడ్పు ఏడ్వొద్దు బిడ్డా" అంది అత్తమ్మ. వద్దందని కాస్త పట్టుదలగానే వెళ్ళాను. ఆమె మందిరంలో ఉపవాస ప్రార్థనకు వెళ్ళింది.

గ్రూప్ ఆర్టిస్టులకు ఒక పట్టింపు ఉంది. చావు సీన్లలో మా ఇళ్ళలోవాళ్ళ పేర్లు నోటికి రానివ్వం. ఎవరికీ లేని పేరొకటి ముందే అనుకుని ఏడుస్తాం. ఆ రోజూ అనుకున్నాం. కానీ తెర మీద పెట్టె దించగానే నాకు ఆ పేరు గుర్తు రాలేదు. "యాకోబూ" అని అరిచాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నా జన్మలో అదే మొదటిసారి. పక్కనున్నామె నన్ను గట్టిగా గిల్లింది. అప్పటికే మైకు తీసుకోవాల్సింది తీసుకుంది.

సౌండ్ ఇంజినీరు టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఏడుపుల మధ్య స్పష్టంగా ఒక ముసలి గొంతు. "దిగు బిడ్డా. కిందికి దిగు."

"ఎవరమ్మా అది? శవం దగ్గర దిగు దిగు అంటారేంటి?" అన్నాడు ఇంజినీరు.

మాలో ముసలివాళ్ళు ఎవరూ లేరు. ఆయన మళ్ళీ వేశాడు. అందరం విన్నాం. అది మా అత్తమ్మ గొంతు. "బిడ్డా" అని సాగదీసే తీరు కూడా ఆమెదే. ఇంకో సంగతి నేనొక్కదాన్నే గమనించాను. నేను "యాకోబూ" అని అరిచిన చోట నా గొంతు లేదు. సరిగ్గా ఆ చోటే ఆమె గొంతు ఉంది.

పక్క డబ్బింగ్ థియేటర్ శబ్దం కలిసి ఉంటుందని విసుక్కుని, ఇంజినీరు దాని మీదే మళ్ళీ రికార్డు చేశాడు. పక్క థియేటర్‌కు ఆ రోజు తాళం వేసి ఉంది.

నేరుగా మందిరానికి వెళ్ళాను. అత్తమ్మ పొద్దున్నుంచి మోకాళ్ళ మీంచి లేవలేదని పాస్టరమ్మ చెప్పింది. "ప్రార్థనల దిగు అన్నవా?" అని అత్తమ్మనే అడిగాను.

"నేనెందుకంట? కాపాడు ప్రభువా అనే అన్న."

యుద్ధం అయ్యాక ఆయన సెలవు మీద వచ్చాడు. అన్నం ముందు కూర్చుని తనే చెప్పాడు. ఒక శుక్రవారం దారిలో లారీలు ఆగిపోయాయట. ఈయన సీట్లోనే కూర్చుని ఉన్నాడట. చెవి పక్కనే వాళ్ళమ్మ దిగమని కేకేస్తే దిగిపోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఫిరంగి గుండు వచ్చి లారీ మీద పడింది.

అత్తమ్మ చేతులెత్తి స్తోత్రం చెప్పింది. నా నోరు ఊరుకోలేదు. "నా గొంతు ఇనవడలేదా?" అని అడిగాను.

ఆయన తల పైకెత్తి చూశాడు. "లేదు. నువ్వు గూడ పిలిచినవా?"

ఆదివారం అత్తమ్మ సాక్ష్యం చెబితే మందిరమంతా కళ్ళు తుడుచుకుంది. నేనూ ఆమెన్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు టేపులోకి ఎలా వచ్చిందో, అక్కణ్ణుంచి ఆ కొండల మీదికి ఎలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. దయ్యం కాదని మాత్రం చెప్పగలను, అప్పటికి ఆమె బతికే ఉంది కదా. మోకరించినప్పుడల్లా దేవుణ్ణి ఒక్క మాట అడుగుతుంటాను, పేరు పెట్టి పిలిచింది నేనైతే నా కేక ఏమైందని. మొగుడు బతికొచ్చాడు, ఇంకేం కావాలే నీకు అంటారు తెలిసినవాళ్ళు. నిజమే, బతికొచ్చాడు. వాళ్ళమ్మ పిలిస్తే బతికొచ్చాడు.