ఓడినవాటికి చోటు ఆపిన అంకుల్

అంకుల్ పోయారు. గుండెపోటు. దినాలు కూడా కాకముందే, ఆయన బతికించుకుంటూ వచ్చిన చుక్కలను చెరిపేయమని మా సైన్స్ పార్క్ ఆఫీసులో ఉత్తర్వు ఇచ్చారు. ఇది అన్యాయం.

ఆ చుక్కలంటే ఏమిటో చెబుతాను. కంప్యూటర్ తెర మీద తిండి వెతుక్కుంటూ తిరిగేవి. ఒక్కోదానికి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్, అదే దాని మెదడు. ఎటు వెళ్లాలో మేం రాసిపెట్టం. బాగా తిన్నవాటి మెదడును కొద్దికొద్దిగా మార్చి పిల్లల్ని పుట్టిస్తాం. మిగతావాటిని తీసేస్తాం. అందరూ చేసేది అదే.

అంకుల్ తీసేసేవారు కాదు. మలేషియాలో పుట్టి, ఇక్కడ సింగపూర్‌లో బూన్ లే పేటలో స్థిరపడిన తెలుగాయన, మా ఆఫీసులో అందరికీ అంకుల్. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ సీటు మాది అని చోప్ చేసినట్టు, ప్రతి తరంలోనూ ఓడిన కొన్నింటికి చోటు ఆపేవారు. మధ్యాహ్నం "మకాన్ పోదాం, తంబీ" అని భోజనానికి లేస్తూ తెర మీది గోడలు జరిపేసేవారు. తిని వచ్చేసరికి, పొద్దున గెలిచిన చుక్క పాత దారినే వెళ్లి కొత్త గోడకు గుద్దుకుంటూ ఉండేది. పొద్దున దారితప్పి తిరిగినదేదో తిండి దగ్గర ఉండేది.

"గెలిచినదాన్ని నమ్మకు. దానికి నిన్నటి గోడలే తెలుసు" అనేవారు, కోపీ, అదే ఇక్కడి కాఫీ, చల్లార్చుకుంటూ.

మేనేజర్ గారికి ఇది నచ్చేది కాదు. "అంకుల్, రేపు డెమో ఉంది. గోడలు కదపొద్దు, ప్లీజ్."

"మా బ్లాక్ ముందర బస్టాపే జరిపేసినారు లా, సార్. మీ చుక్క ఒక్కటే సుఖంగా ఉండాలనా?"

నేను షిప్‌యార్డులో వెల్డింగ్‌కు ఈ దేశం వచ్చినవాణ్ణి. సెకండ్ హ్యాండ్ పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఈ ఆఫీసు పెట్టిన పరీక్ష తప్పాను. ఇంటికి పంపేస్తుంటే అంకుల్ అడ్డుపడ్డారు. "తప్పినాడు, సరే. పరీక్ష మారితే?" ఆ ఒక్క మాట మీదే నాకు ఇక్కడ కుర్చీ దొరికింది.

ఇప్పుడు గెలిచిన ఒక్క చుక్కను ఉంచి మిగతావన్నీ తుడిచేయాలట. డిస్కులో జాగా లేదట. ఆ పని నాకే అప్పగించారు. నేను చెయ్యను. ఉద్యోగం పోతే పోనీ, వెల్డింగ్ మర్చిపోలేదు.

మేనేజర్ గారూ, నేనిది రాసి పంపుతున్న ఈ పత్రిక మీరూ చదువుతారు. ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం, మకాన్‌కు లేచేలోపు నాకు జవాబు కావాలి. అంతవరకూ చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. అంకుల్ కీబోర్డు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. దాన్ని ఎవరూ తీయకండి.